మూడు డిగ్రీల సౌభాగ్యం

కెప్టెన్ గొర్లె నరసింగరావు సౌభాగ్యను మొదటిసారి చూసిన రోజున ఆ ఓడ నిటారుగానే ఉంది. చింతలరేవు నిర్మాణశాలలో ఇంకా రంగు వాసన వదలని ఆ ఓడ చుట్టూ ఆయన మెల్లగా తిరిగి, వంక పెట్టడానికి ఏమైనా దొరుకుతుందేమోనని చూశాడు. దొరకలేదు. సిక్కోలు దగ్గర సముద్రపు ఒడ్డున పుట్టి, మీసాలు రాకముందే ఓడెక్కి, పరీక్షలన్నీ ఒక్కొక్కటే గట్టెక్కి కెప్టెన్ అయినవాడాయన. ఓడల్ని తొందరపడి మెచ్చుకునే రకం కాదు. అలాంటివాడు ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, ఇక రిటైరయ్యేదాకా ఇదే ఓడలో ఉంటానని భార్య సత్యవేణితో చెప్పాడు.

ఓడను గీసింది ముక్కామల హైమావతి. తూర్పు తీర సరుకు నౌకా సంస్థలో ఆవిడ ప్రధాన రూపకర్త. లోతు లేని చిన్న రేవుల్లోకి కూడా దూరి, బియ్యం, ఉప్పు, సిమెంటు, ఎరువుల బస్తాలు దించి, నేల తగలకుండా బయటికి రాగల ఓడ కావాలని సంస్థ అడిగితే ఆవిడ సరిగ్గా అలాంటిదే గీసింది. ఒకే అచ్చులో అయిదు ఓడలు కట్టాలని నిర్ణయం. ఇలా ఒకే అచ్చులో పోసిన ఓడలన్నిటినీ కలిపి ఆ వృత్తిలో ఒక తరగతి అంటారు. మొదటిది ఎలా ఉంటే తక్కినవి అలా ఉండాలి. మొదటిదాని పేరు సౌభాగ్య కాబట్టి అది సౌభాగ్య తరగతి అయింది. తక్కిన నాలుగింటికీ సౌజన్య, సౌశీల్య, సౌలభ్య, సౌహార్ద అని పేర్లు ముందే ఖాయం చేశారు. ఈ వ్యవహారం మొత్తంలో అనుకున్న గడువులో పని ముగించింది పేర్ల ఎంపిక సంఘం ఒక్కటే.

సంస్థ ఛైర్మన్ దివాకర్ల శేషాచలపతి అంతకుముందు పట్టుపురుగుల శాఖలో పనిచేశారు. ఓడల గురించి తనకు ముందస్తు అభిప్రాయాలేవీ లేవని ఆయన సభల్లో గర్వంగా చెప్పుకునేవారు. ప్రారంభోత్సవానికి మంత్రిగారు వస్తున్నారని తెలియగానే రేవు గట్టు మీద ఒక చిన్న శిలాఫలకం ఏర్పాటు చేయించారు. మంత్రిగారు ముందురోజు వచ్చి దాన్ని చూసి ముఖం చిన్నబుచ్చుకున్నారు.

"ఓడ వెళ్ళిపోతుంది గదయ్యా. రాయి ఇక్కడే ఉంటే నా పేరు ఎవరు చదువుతారు, ఈ కాకులా?" అన్నారు.

ఛైర్మన్‌కు ఈ మాటలో న్యాయం కనిపించింది. ప్రారంభోత్సవం వాయిదా వేయించి, రాయిని ఓడ మీదికి ఎక్కించాలని ఆదేశించారు. సౌభాగ్య ఎడమ పక్కతో గట్టుకు ఆనుకుంటుంది. జనానికి కనపడాలంటే రాయి ఎడమ అంచునే ఉండాలి. మంత్రిగారి పేరు దూరం నుంచి కూడా చదివేటంత పెద్దగా ఉండాలి. మంత్రి పేరు పెరిగినప్పుడు సహాయమంత్రి పేరు హోదాకు తగ్గట్టు పెరగాలి. ఆ వరసన ఉపకార్యదర్శుల దాకా అందరి అక్షరాలూ లావెక్కేసరికి నల్లరాయి బల్ల కాస్తా గోడంత అయింది. పేర్ల మీద వాన పడకూడదని రాతి స్తంభాలతో మండపం, మండపానికి రాతి మెట్లు, మెట్లకు రాతి పిట్టగోడ వచ్చాయి. వీటిలో ఏ ఒక్కటీ హైమావతి గీసిన కాగితంలో లేదు.

క్రేను ఆ బరువంతా డెక్కు మీద దించిన క్షణాన సౌభాగ్య ఎడమవైపు మూడు డిగ్రీలు ఒరిగింది. ఇది కార్యక్రమంలో భాగం కాబోలనుకుని బ్యాండువాళ్ళు వాయించడం మొదలుపెట్టారు. నౌక వినయంగా తల వంచిందని మంత్రిగారు ప్రసంగంలో మెచ్చుకున్నారు. చప్పట్లు కొట్టనివాళ్ళు ఆ గట్టు మీద ఇద్దరే. నరసింగరావు, హైమావతి.

మర్నాడు ఇద్దరూ ఛైర్మన్ గదికి వెళ్ళారు. రాయి తీసేయమని హైమావతి అడిగింది. మంత్రిగారి పేరును తొలగించడం అనే మాట ఈ గదిలో మళ్ళీ వినపడకూడదని ఛైర్మన్ అన్నారు. పోనీ మధ్యకు జరపమంది. మధ్యలో సరుకు దించే నోరు ఉంది, దాన్ని మూస్తే ఇక ఓడెందుకని ఆవిడే వెనక్కి తగ్గింది. చివరికి కుడివైపు అంతే బరువున్న రాయి ఇంకొకటి పెట్టమని నరసింగరావు సలహా ఇచ్చాడు. ఛైర్మన్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అంత బరువున్న రాయి మీద అంత బరువున్న పేర్లు ఉండాలి కెప్టెన్. మంత్రివర్యులకు సరితూగే పేరు ఈ ప్రభుత్వంలో మరొకటి కలదని సంస్థ అభిప్రాయపడుతున్నట్లు అవుతుంది. మీరు ఆ అభిప్రాయంలో ఉన్నారా?"

నరసింగరావు ఏ అభిప్రాయంలోనూ లేనని చెప్పి బయటికొచ్చాడు.

అయినా ఆయన సముద్రం మీద పెరిగినవాడు. ఓడ అడుగున రెండు పక్కలా నీళ్ళ తొట్లు ఉంటాయి. కుడి తొట్లలోకి సముద్రపు నీళ్ళు తోడుకుంటే ఓడ నిటారుగా లేచి నిలబడింది. నీళ్ళు మోసినంత మేర సరుకు తగ్గినా ప్రాణాలకు భయం లేదు. మొదటి ఏడాదంతా సౌభాగ్య అలాగే తిరిగింది. ఏడాది చివర ఆడిట్‌వారు వచ్చి ఒక అభ్యంతరం రాశారు. సముద్రపు నీటిని సముద్రం నుంచి ఎక్కించుకొని, సముద్రం మీదుగా రవాణా చేసి, తిరిగి సముద్రంలోనే దించినట్లు కనబడుచున్నదని, ఈ సరుకు ఎవరిదో, దీనికి కిరాయి ఎవరి నుంచి వసూలు చేశారో తెలుపవలసినదని దాని సారాంశం. నీళ్ళు లేకపోతే ఓడ ఒరుగుతుందని నరసింగరావు జవాబు రాశాడు. ఒరుగుట అను ఖర్చు బడ్జెట్‌లో చూపబడలేదని తిరుగు జవాబు వచ్చింది. తర్వాత వారంలోనే సంస్థ మనుషులొచ్చి కుడి తొట్ల గొట్టాలు ఊడదీసుకుపోయారు. వాటిని కొండ మీది అతిథి గృహంలో మల్లెతోట తడపడానికి వాడారని తర్వాత తెలిసింది.

ఈలోగా సౌజన్య తయారైంది. దాని మీద రాయి వద్దని హైమావతి పెద్ద నివేదిక రాసింది. మొదటి ఓడ ఎలా ఆమోదం పొందిందో తక్కినవి అలాగే ఉండవలెనన్నది తరగతి నియమమని, నియమాన్ని తయారుచేసినవారే ఉల్లంఘించ చూడటం విచారకరమని ఛైర్మన్ బదులిచ్చారు. సౌజన్యకూ రాయి ఎక్కింది. బరువు తేడా వస్తే తరగతి దెబ్బతింటుందని, పేర్లు చాలకపోయినా గుమాస్తాల పేర్లు కూడా చేర్చి రాయిని అంతే పెద్దది చేశారు. సౌశీల్య, సౌలభ్య, సౌహార్ద కూడా అలాగే, ఎడమవైపు, మూడు డిగ్రీలు. హైమావతిని అతిథి గృహాల నిర్వహణకు బదిలీ చేశారు. మల్లెతోట ఆవిడ బాధ్యతే అయింది.

ఓడవాళ్ళు ఒరుగుకు అలవాటు పడసాగారు. కంచాలకు ఎడమ అంచు ఎత్తుగా కొట్టించుకున్నారు. చారు వడ్డించేముందు వంటమనిషి పోలయ్య కంచాన్ని ఒకసారి కుడివైపు తిప్పేవాడు. మంచాల కాళ్ళ కింద చెక్కలు వచ్చాయి. రేవు గట్టు అంచును కూడా ఓడల వాలుకు సరిపోయేటట్టు ఏటవాలుగా చెక్కించారు. ఒక సెలవులో నరసింగరావు తన ఇంట్లో పడగ్గది నేల కుడివైపు పల్లమైందని మేస్త్రీని పిలిపించబోయాడు. సత్యవేణి ఆయన్ని గోడ పక్కన నిలబెట్టి చూసింది.

"ఇల్లు బాగానే ఉందండి. ఒరిగిపోనాది మీరే," అంది.

ఆయనకు నవ్వు రాలేదు. ఆ రాత్రి చాలాసేపు మేలుకుని, పెద్ద గాలి వస్తే ఏమవుతుందా అని ఆలోచించాడు. ప్రశాంతంగా ఉన్న నీటిలోనే మూడు డిగ్రీలు ఒరిగిన ఓడ, అలల్లో తిరిగి లేవగలదా? తెల్లవారి లేచి పై అధికారులకు ఇదే ప్రశ్న రాశాడు.

ఆ ప్రశ్న సంస్థను కదిలించింది. నెలనెలా అయిదు ఓడల నుంచీ మూడు డిగ్రీల ఒరుగు అని నివేదికలు వస్తుంటే చట్టసభలో ఎవరైనా అడిగే ప్రమాదం ఉంది. ఛైర్మన్ నిపుణుల సంఘాన్ని వేశారు. సంఘం బాగా ఆలోచించి, అయిదు ఓడలూ ఒకే కోణంలో ఉన్నప్పుడు దాన్ని ఒరుగు అనడం శాస్త్రీయం కాదని, అదే వాటి సహజ స్థితి అని తేల్చింది. ఇకమీదట మూడు డిగ్రీలను సున్నాగా పరిగణించవలెనని ఉత్తర్వు వచ్చింది. మెకానిక్కులు వచ్చి ప్రతి ఓడలోనూ వంపు చూపే ముల్లును కాస్త తిప్పి బిగించి వెళ్ళారు. ఆ నెల నుంచి సౌభాగ్య తరగతిలో ఒరుగు లేదు.

దీని మీద పెద్ద సదస్సు కూడా జరిగింది. కొబ్బరిచెట్లు నిటారుగా ఉంటాయా, నదులు తిన్నగా పారతాయా, నిటారుతనం మనమీద బయటివాళ్ళు రుద్దిన భావన కాదా అని ఛైర్మన్ ప్రారంభోపన్యాసంలో ప్రశ్నించారు. వారం తిరక్కుండా చింతలరేవుకు వచ్చిన ఒక విదేశీ ఓడకు, కుడివైపు మూడు డిగ్రీలు ప్రమాదకరంగా ఒరిగి ఉన్నారంటూ రేవు అధికారులు హెచ్చరిక జారీ చేశారు. ఆ ఓడ కెప్టెన్ తన ముల్లునూ, సముద్రాన్నీ, అధికారుల ముఖాల్నీ మార్చి మార్చి చూసి, సరుకు దించకుండానే వెళ్ళిపోయాడు.

నరసింగరావు భయపడ్డ గాలి కార్తీకంలో వచ్చింది. సౌభాగ్య నిండా ఎరువుల బస్తాలతో దక్షిణానికి పోతోంది. మధ్యాహ్నానికి ఆకాశం బూడిదరంగైంది. అలలు కుడివైపు నుంచి కొట్టడం మొదలుపెట్టాయి. ఓడ ఎడమకు వాలిన ప్రతిసారీ తిరిగి లేవడానికి తటపటాయించసాగింది. డెక్కు మీదికెక్కిన నీళ్ళు ఎడమ పక్కనే, మండపం చుట్టూ మడుగు కట్టాయి. కింద సరుకు గదిలో బస్తాలు జారి ఎడమ గోడకు పేరుకున్నాయి. ముల్లు పదిహేడు చూపిస్తోంది. పదిహేడంటే ఇరవై అని నరసింగరావు మనసులో కలుపుకున్నాడు. కుడి తొట్లలోకి నీళ్ళు తోడదామంటే గొట్టాలు మల్లెతోటలో ఉన్నాయి.

వైర్లెస్‌లో సంస్థ కార్యాలయాన్ని పిలిచి, ఓడ ఇరవై డిగ్రీలు ఒరిగింది, రాయిని సముద్రంలోకి తోసేయడానికి అనుమతి కావాలన్నాడు. అవతల ఉన్న విధి నిర్వహణాధికారి కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది.

"తమరు చెప్పే ఇరవై పాత ఇరవయ్యా, కొత్త ఇరవయ్యా? ఆ సంగతి స్పష్టపరచనిదే విషయం పైకి పంపుటకు వీలుపడదండి."

ఛైర్మన్‌గారిని పిలవమన్నాడు నరసింగరావు. వారు విపత్తుల నివారణ సదస్సులో ఉన్నారట. అదీగాక రాయి నౌకా విభాగం కిందికి రాదు, ఉత్సవాల విభాగం కిందికి వస్తుంది, అక్కడివారికి ఈ రోజు సెలవట. ఇంతలో పెద్ద అల ఒకటి వచ్చి ఓడను ఇంకా వంచింది. నరసింగరావు వైర్లెస్ కింద పెట్టేశాడు. ఆయన భయం తన ప్రాణం గురించి కాదు. ఈ ఓడలో ఉన్నవాళ్ళలో సగంమంది తన పక్క ఊళ్ళవాళ్ళు. వాళ్ళ ఇళ్ళల్లో తాను అన్నం తిన్నాడు.

సరంగు సూరాడ ఎర్రయ్యను పిలిచి, మండపం కాళ్ళు కోసేయమన్నాడు. సరంగంటే డెక్కు మీది మనుషులకు పెద్ద. ఎర్రయ్య వయసులో కెప్టెన్ కన్నా పెద్దవాడు, గాలివానకు భయపడే మనిషి కాదు. కానీ ఆ మాటకు కదలకుండా నిలబడ్డాడు.

"బాబూ, దానిమీద మంత్రిగోరి పేరుంది," అన్నాడు.

"ఆయనకి ఈత వచ్చో రాదో నాకు తెల్దు ఎర్రయ్యా. మనోళ్ళు మాత్రం ఈ సముద్రంలో ఈదలేరు. నేను చెప్పినానని రాసుకో. కొయ్యి."

ఎర్రయ్య రాయికి ఒక దండం పెట్టి పని మొదలెట్టాడు. నడుములకు తాళ్ళు కట్టుకుని, నడుంలోతు నీళ్ళలో, గ్యాసుమంటతో రాతిని పట్టి ఉంచిన ఇనుప కడ్డీల్ని ఒక్కొక్కటే కోశారు. చివరి కడ్డీ తెగేసరికి మండపం, మెట్లు, పేర్లు అన్నీ కలిసి ఒక్కసారి జారాయి. పిట్టగోడ విరిగి పడి పోలయ్య కాలు నలిగింది. రాయి నీళ్ళలో పడ్డ చప్పుడు గాలి హోరులో ఎవరికీ వినపడలేదు. కానీ సౌభాగ్య గట్టిగా మూలిగి, నీళ్ళన్నీ విదిలించుకుంటూ లేచింది. ఆ రాయి దిగితే ఓడకు ఊపిరాడింది. జారిన బస్తాల్ని నలుగురూ మోసి సర్దుకునేసరికి గాలి తగ్గుముఖం పట్టింది. కట్టినప్పటి సౌభాగ్య మళ్ళీ కనిపించింది నరసింగరావుకు. ముఖం మీది ఉప్పునీళ్ళు తుడుచుకున్నాడు. అవన్నీ సముద్రానివే కావు.

ఓడ వెనక్కి తిరిగి చింతలరేవు చేరింది. పోలయ్య జ్వరంతో మూలుగుతున్నాడు. రేవు అధికారి పడవలో ఎదురొచ్చి, కిందనుంచే ఓడను పరికించి, లోపలికి రానివ్వనన్నాడు. కుడివైపు మూడు డిగ్రీలు ఒరిగిన ఓడకు ప్రవేశం లేదు. పైగా గట్టు అంచు సౌభాగ్య తరగతికి తగ్గట్టు చెక్కి ఉంది, ఈ ఓడ దానికి ఆనదు. లోపల మనిషి చచ్చిపోతున్నాడని నరసింగరావు అరిచాడు. మనిషి గురించి తనకు సానుభూతి ఉందని, కోణం గురించి మాత్రం ఉత్తర్వు ఉందని ఆ అధికారి అన్నాడు.

నరసింగరావు కాసేపు పోలయ్య పక్కన కూర్చున్నాడు. తర్వాత లేచి ఎడమ తొట్లలోకి నీళ్ళు తోడమన్నాడు. ఆ గొట్టాలు మాత్రం ఎవరూ పీకలేదు. సౌభాగ్య మెల్లమెల్లగా ఒరిగి, మూడు డిగ్రీల దగ్గర ఆగింది. ఓడ సరిచేయబడినదని అధికారి సంతకం పెట్టాడు. అంబులెన్సు పోలయ్యను తీసుకుపోయింది. కాలు దక్కింది. గాలివానంతా నిలదొక్కుకున్న నరసింగరావు, అప్పుడు మాత్రం గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాడు.

ఓడవాళ్ళందర్నీ సస్పెండ్ చేసి విచారణ సంఘం వేశారు. సంఘం కూర్చోకముందే ఛైర్మన్ దగ్గర్నుంచి ఒక మనిషి నరసింగరావు ఇంటికొచ్చి, రాయిని పెద్ద అల ఒకటి ఎత్తుకుపోయిందని రాసిస్తే అంతా ప్రకృతి వైపరీత్యం కింద సర్దుబాటవుతుందని చెప్పాడు. రాసిచ్చేయమని సత్యవేణి బతిమాలింది. ఎర్రయ్యకు ఆడపిల్ల పురుడుందని గుర్తుచేసింది. నరసింగరావు ఆ మాటే పట్టుకున్నాడు. రాయిని తానే తోయించానని, తక్కినవాళ్ళు తన ఆజ్ఞ పాటించారు తప్ప వాళ్ళ తప్పేమీ లేదని రాసిచ్చాడు. దాంతో వాళ్ళందర్నీ పనిలోకి తీసుకున్నారు. తీసుకోక తప్పలేదు, ఓడ నడపాలి కదా.

విచారణకు హైమావతిని సాక్షిగా పిలిచారు. రాయి పోయాక ఓడ నిటారుగా ఉందని ఆవిడ చెప్పింది.

"ఏ సున్నా ప్రకారం?" అని సంఘాధ్యక్షుడు అడిగాడు.

"సముద్రం ప్రకారమండి."

సముద్రం ఈ సంస్థ పరిధిలోకి రాదు గనుక ఆ సాక్ష్యం పరిగణనలోకి తీసుకోవడం లేదని రాసుకున్నారు.

విచారణ సాగుతుండగానే చిత్రాలు జరిగాయి. సౌజన్య ఒకరోజు రాయి లేకుండా, ఎడమ తొట్ల నీళ్ళతోనే మూడు డిగ్రీలు ఒరిగి రేవుకు వచ్చింది. పెద్ద అల ఎత్తుకుపోయిందని దాని కెప్టెన్ రాసిచ్చాడు. ఆ రోజు ఆకు కదల్లేదు. తర్వాత సౌశీల్య, ఆ తర్వాత సౌలభ్య, సౌహార్ద. అన్నిటినీ పెద్ద అలలే వరించాయి. ఛైర్మన్ ఉగ్రులయ్యారు. నలుగురు కెప్టెన్లనూ ఇంటికి పంపేవారే గానీ, సరిగ్గా అప్పుడే ఎన్నికలొచ్చి ప్రభుత్వం మారిపోయింది. కొత్త మంత్రిగారు బాధ్యత తీసుకున్న రోజునే, పాత మంత్రి పేరు అయిదు చోట్ల సముద్రం అడుగున ఉందని తెలిసి చాలా ఆనందించారు. ఆ పని చేసిందెవరని అడిగారు.

సంస్థ దీర్ఘకాలిక ప్రణాళికలో భాగంగా తానే చేయించానని శేషాచలపతిగారు మనవి చేసుకున్నారు.

నిటారు విధానం అమల్లోకి వచ్చింది. ముళ్ళను మళ్ళీ తిప్పి బిగించారు. గట్టు అంచును మళ్ళీ చెక్కించారు. ఒరుగు మనమీద బయటివాళ్ళు రుద్దిన భావన అని ఛైర్మన్ ఇంకో సదస్సులో ప్రకటించి, ఒక పతకం కూడా అందుకున్నారు. నలుగురు కెప్టెన్ల మీదా చర్య అక్కరలేదని నిర్ణయమైంది. వాళ్ళది ప్రకృతి వైపరీత్యం.

మిగిలింది నరసింగరావు ఒక్కడే. విచారణ సంఘం తీర్పు ఇవ్వడానికి ఆయన్ని పిలిపించింది. అధ్యక్షుడు ఈసారి మర్యాదగా కుర్చీ చూపించి, సంఘానికి ఆయన మీద ఎంతో గౌరవం ఉందన్నాడు.

"నౌకను నిటారుగా నడపడం నేరం కాదు కెప్టెన్ గారూ. అది సంస్థ విధానం. అయితే తమరు నిటారైన తేదీ, విధానం అమల్లోకి వచ్చిన తేదీ కంటె ముందున్నది. ఆ మధ్యకాలానికి మాత్రం తమరు దోషి."

రెండు ఇంక్రిమెంట్లు కోసి, మళ్ళీ సౌభాగ్యకే పంపారు. ఎదురు చెబితే ఇంకో సంఘం వేస్తారని నరసింగరావుకు తెలుసు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని రేవుకు నడిచాడు. ఓడలోకి ఉప్పు ఎక్కిస్తున్నారు. నిచ్చెన పైన ఎర్రయ్య, అతని వెనక కర్ర పట్టుకుని పోలయ్య, కెప్టెన్ ముఖం చూసి దగ్గరికొచ్చారు.

"ఏటి బాబూ, ఏటన్నారు?" అని అడిగాడు ఎర్రయ్య.

నరసింగరావు ఓడను ముక్కు నుంచి చివరిదాకా ఒకసారి చూసుకున్నాడు.

"తొందరపడి బతికేసినామంట, ఎర్రయ్యా," అన్నాడు.